ముప్పై మూడంగుళాల గుమ్మం

కొలతలు తెలిసినవాళ్ళు ఇద్దరున్న ఇంట్లో ఏ వస్తువూ ఒక పట్టాన కుదురుకోదు. ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు, అయిదేళ్ళుగా నేను రోజూ కళ్ళారా చూస్తున్నది. మా ఆయన వడ్రంగి. నలభై ఏళ్ళు చెక్కపని చేసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారనడం మాటవరసకే. కదలని కుర్చీని కదులుతోందని విప్పుతారు, మూసుకునే కిటికీ సరిగా మూసుకోవడం లేదని చిత్రిక పడతారు. మా కోడలిది ఇనుము పని. వర్క్‌షాపులో లేత్ మిషను నడుపుతుంది. ఇనుప కడ్డీని మిషనుకి బిగించి, గిరగిరా తిప్పుతూ కోసి, పంపుల్లోకీ మోటార్లలోకీ కావలసిన ఇరుసులు చేస్తుంది. ఆయన అంగుళాల మనిషి. ఆ పిల్ల మిల్లీమీటర్ల మనిషి.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆయన వంటింట్లో ఒక అర బిగించారు. "వెంట్రుకవాసి వాలింది, అంతే" అన్నారు. ఆ పిల్ల జేబులోంచి కొలిచే పరికరమొకటి తీసి, "ఎవరి వెంట్రుక మావయ్యా? మీదా, అత్తయ్యదా? రెండింటికీ తేడా ఉంటుంది" అంది. వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అదే ఆయనకి ఇంకా మండింది. రెండు రోజులు ఆ అరవైపు తల తిప్పలేదు. మూడోరోజు విప్పి మళ్ళీ బిగించారు.

నేను రెండు పక్షాలకీ వడ్డించేదాన్ని కాబట్టి ఎటూ మాట్లాడను. లోలోపల మాత్రం ఆ రోజు నవ్వుకున్నాను.

ఇక అసలు సంగతికొస్తాను. కోడలు పదకొండేళ్ళుగా పనిచేస్తున్న వర్క్‌షాపు మూసేస్తున్నారని తెలిసింది. యజమానికి వయసైపోయింది, స్థలం ఎవరికో ఇచ్చేశాడు. మంచివాడే పాపం. కోడల్ని పిలిచి, "నువ్వు నడిపే మిషను శనివారం సాయంత్రం లోపల తీసుకుపోగలిగితే అది నీదే. లేదంటే ఆదివారం తుక్కువాళ్ళు వచ్చి ముక్కలు కోసి పట్టుకుపోతారు" అన్నాడట. ఆ మిషను బరువు టన్నుకి కాస్త తక్కువ. పొడవు ఆరడుగుల పైన. మా ఇల్లా, నలుగురు నిలబడితే అయిదో మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన ఇల్లు.

వంటింటి వెనక ఒక గది ఉంది. దానికి రెండు గుమ్మాలు. ఒకటి వంటింట్లోకి, రెండోది వెనక సందులోకి. పాత పెట్టెలు, కాలు విరిగిన కుర్చీలు, నా కుట్టుమిషను, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన నూటొక్క వస్తువులు అందులోనే ఉన్నాయి. ఆ గది ఇమ్మని కోడలు నన్నడిగింది. నేను ఇవ్వనన్నాను. ఎందుకు దాచాలి, గట్టిగానే అన్నాను. వంటింటి పక్కన ఇనుము కోస్తే నా చెవులేం కావాలి, నూనె మరకలు ఎవరు తుడవాలి, ఇనుప రజను గిన్నెల్లో పడితే ఎవరు తినాలి అని ఏకరువు పెట్టాను. ఆ పిల్ల అన్నీ విని, "సరే అత్తయ్యా" అంది. నాతో ఎప్పుడూ అంత తొందరగా సరే అనదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు మా వాడు చెప్పాడు. మా వాడు సిటీ బస్సు నడుపుతాడు. బస్సులో ఎంత కేకలేస్తాడో ఇంట్లో అంత నోట్లో నాలుక లేనట్టుంటాడు. "అమ్మా, తనకి ఉద్యోగం వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ. ఇక్కణ్ణుంచి ఆరు గంటల ప్రయాణం. అక్కడే హాస్టల్లో ఉండాలి, పదిహేను రోజులకోసారి రావచ్చు. సోమవారం లోపల ఏ సంగతీ చెప్పాలి" అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? ఇక్కడుంటే మిషను లేదు. మిషను లేకపోతే తనకి తోచదు. నీకు తెలుసుగా."

నాకు తెలుసు. సాయంత్రం వాళ్ళ గదిముందు నుంచి వెళుతుంటే కోడలు మంచం కింద నుంచి తన సూట్‌కేసు తీసి దుమ్ము దులుపుతోంది. కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న సూట్‌కేసు. అటక మీద పెట్టించమని ఎన్నిసార్లు చెప్పినా, "ఉండనీండి అత్తయ్యా, చేతికందుతుంది" అని మంచం కిందే ఉంచుకుంది. అయిదేళ్ళూ నాకు ఆ సూట్‌కేసు కంట్లో నలుసులా ఉండేది. ఆ రోజు మాత్రం దాన్ని నేనే ఎత్తి అటక మీద పెట్టేద్దామనిపించింది.

ఆ పిల్ల వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి? మా ఆయన పోట్లాటకి పనికిరారు, మధ్యలో నిద్రపోతారు. మా వాడు మొదటి మాటకే ఒప్పేసుకుంటాడు. సాయంత్రం పనినుంచి వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, వంటింటి గట్టు పక్కన స్టూలేసుకుని, ఆ రోజు ఏ ఇరుసు ఎలా కుదిరిందో, ఎవడు తప్పు కొలత తెచ్చి తిట్లు తిన్నాడో నాకు పూసగుచ్చినట్టు చెప్పేది ఆ పిల్లే. నాకు సగం అర్థం కాదు. అయినా వింటాను. ఆ అరగంట కోసం మధ్యాహ్నం నుంచీ ఎదురుచూస్తానని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి ఆ గది నేనే ఖాళీ చేశాను. పెట్టెలు ముందుగదిలోకి లాగాను, విరిగిన కుర్చీలు సందులో పడేశాను. మా ఆయన నిద్రలేచి వచ్చి గుడ్లప్పగించి చూశారు. "చూస్తారేం, ఆ కుట్టుమిషను ఓ చెయ్యేసి పట్టండి" అన్నాను. కోడలు పళ్ళు తోముకుంటూ వచ్చి ఖాళీ గదిని చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇనుప రజను వంటింట్లోకి వచ్చిందో, ఊరుకోను" అన్నాను.

"పరదా కట్టిస్తానత్తయ్యా" అంది. నోట్లో నురగతో చెప్పడం వల్ల సరిగా వినపడలేదు గానీ మొహం మాత్రం వెలిగిపోయింది.

అక్కణ్ణుంచి కొలతలు మొదలయ్యాయి. సందువైపు గుమ్మంలోంచి మిషను లోపలికి రావాలి. ఆ గుమ్మానికున్న ద్వారబంధం మా ఆయన ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాది స్వయంగా చేసింది. ఒక్క మేకు లేదు. చెక్కలోకి చెక్క దిగి, ముప్పై ఆరేళ్ళుగా బిగిసి ఉంది. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ ముందు వెనక సందులోకి తీసుకెళ్ళి దాన్ని చూపించి ఆ తర్వాతే కుర్చీ వేస్తారు. దాన్ని ఆయన టేపు పెట్టి కొలిచి, "ముప్పై మూడంగుళాలు" అన్నారు. కోడలు కూడా కొలిచి, "ఎనిమిది వందల ముప్పై ఎనిమిది" అంది. నేను చేతివేళ్ళ మీద లెక్కపెట్టబోతుంటే ఇద్దరూ ఒకేసారి, "రెండూ ఒకటే" అన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండడం అదే మొదలు.

మిషను అడ్డం కొలత ఎనిమిది వందల ఇరవై. చేతిచక్రాలు, మోటారు, ముందున్న తొట్టి, అన్నీ విప్పేశాక వచ్చిన కొలత అది. "అంటే పక్కకి తొమ్మిదేసి మిల్లీమీటర్ల ఖాళీ. చాలు" అంది కోడలు.

"చిటికెన వేలంత" అన్నారు ఆయన.

"చిటికెన వేలు పదకొండు ఉంటుంది మావయ్యా."

"నీది ఉంటుందేమో" అని ఆయన లోపలికెళ్ళిపోయారు.

బరువులు మోసే మేస్త్రిని మా వాడు కుదిర్చాడు. అసలు పేరేమిటో మాకెవరికీ తెలీదు. ఊరంతా ఆయన్ని మెల్లిగా మేస్త్రి అంటారు. నోరు తెరిస్తే ముందొచ్చే మాట అదే. పీపాలాంటి మనిషి, గొంతు మాత్రం సన్నం. శుక్రవారం వచ్చి సందు చూశాడు, మెట్టు చూశాడు, గది నేల మీద బొటనవేలితో తట్టి చూశాడు. "మెల్లిగా చేస్తే అయిపోద్దండి. కానీ నాలుగింటికల్లా నా లారీ వేరే చోటికి వెళ్ళాలి. అది వెళ్ళిందంటే క్రేనూ లేదు, గొలుసులూ లేవు" అన్నాడు.

శనివారం పొద్దున కోడలూ మా వాడూ మేస్త్రితో కలిసి వర్క్‌షాపుకి వెళ్ళారు. ఇంట్లో నేనూ ఆయనా మిగిలాం. కాసేపటికి వెనక గుమ్మం దగ్గర టకటకమని చప్పుడు. వెళ్ళి చూస్తే ఆయన ద్వారబంధానికి రెండువైపులా పైనుంచి కిందదాకా కొత్త చెక్కబద్దలు జిగురుతో అతికించి, మరలు బిగిస్తున్నారు.

"ఏమిటివి?"

"ఆ ఇనుప దున్నపోతు వచ్చేటప్పుడు నా ద్వారబంధాన్ని గీరేస్తుంది. ముప్పై ఆరేళ్ళ పని. గీత పడితే నేను భరించలేను. గీరితే ఈ బద్దల్ని గీరనీ" అన్నారు. అప్పటికే వాటికి పాలిష్ కూడా పట్టించారు. పాత చెక్కలో కలిసిపోయి, ఎక్కడ కొత్తదో ఎక్కడ పాతదో తెలీకుండా ఉంది.

"బావుంది" అన్నాను. ఇది నేను గుర్తుపెట్టుకోవలసిన మాట. నేను చూశాను, చూసి బావుందన్నాను, టీ కూడా పెట్టిచ్చాను. తర్వాత జరిగిన దాంట్లో నాకు భాగం లేదని చెప్పుకునే దారి లేదు.

పదకొండున్నరకి లారీ సందులోకి వచ్చింది. రివర్సులో రావాలి. మా వాడు దిగి వెనక నిలబడి, "రానీ, రానీ, కొంచెం ఎడం, ఇంకొంచెం, ఆపు" అంటూ ఊరేగింపు నడిపించినట్టు నడిపించాడు. లారీ డ్రైవరు చివరికి తల బయటపెట్టి, "అన్నా, నేను ఇరవై ఏళ్ళ నుంచి నడుపుతున్నా" అన్నాడు. "నేను పదేళ్ళ నుంచే నడుపుతున్నా, అందుకే జాగ్రత్త ఎక్కువ" అన్నాడు మా వాడు. ఇంట్లో లేని నోరు ఎక్కడుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

లారీ మీద తాళ్ళతో కట్టి ఉంది మిషను. ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ రంగుపోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. కోడలు దాని పక్కనే లారీలో నిలబడి దారంతా ఒక చెయ్యి దానిమీదే వేసి వచ్చిందట. జ్వరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళే తల్లి కూడా అలాగే చెయ్యి తియ్యదు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

క్రేను దాన్ని పైకి లేపి మెట్టు ముందు దించింది. మేస్త్రి మనుషులు ఇద్దరు. మెట్టు మీదుగా గదిలోకి లావుపాటి బల్లలు వాలుగా పరిచారు, వాటిమీద ఇనుప గొట్టాలు వరసగా పేర్చారు. మిషను ఆ గొట్టాల మీద దొర్లుకుంటూ ముందుకి పోతుంది. వెనక మిగిలిపోయిన గొట్టాన్ని తీసి మళ్ళీ ముందు పెట్టాలి. లోపల గది మధ్యలో నేలకి దించిన ఇనుప కొక్కేనికి గొలుసు కట్టారు. వాళ్ళలో ఒకడు లోపల గొలుసు లాగుతాడు, రెండోవాడూ మేస్త్రీ బయట పలుగులతో నెడతారు. మా ఆయన లోపల నిలబడి తన ద్వారబంధానికి కాపలా కాస్తున్నారు. నేను వంటింటి గుమ్మంలో.

"మెల్లిగా" అన్నాడు మేస్త్రి.

మెల్లిగానే వచ్చింది. ఒక గొట్టం, రెండు గొట్టాలు, మూడు. మిషను కాళ్ళు సన్నం, ఒళ్ళు వెడల్పు. కాళ్ళు గుమ్మం దాటాయి. మా వాడు చప్పట్లు కొట్టబోయాడు. అప్పుడు కిర్రుమని ఒక చప్పుడొచ్చింది. గొలుసు బిగుసుకుంది. మిషను ఆగిపోయింది.

"ఇంకొంచెం" అన్నాడు మేస్త్రి. ఇంకొంచెం లాగారు. చెక్క మూలిగింది. మిషను రెండు వేళ్ళ మందం ముందుకి వచ్చి, సీసాకి బిరడా బిగించినట్టు బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. సగం లోపల, సగం సందులో.

బయటనుంచి కోడలి గొంతు వినిపించింది. "ఎలా అవుతుంది? పక్కకి తొమ్మిది ఖాళీ ఉండాలి. నేను మూడుసార్లు కొలిచాను."

"నేనూ కొలిచాను" అన్నారు ఆయన లోపలినుంచి. "ముప్పై మూడు. అక్షరాలా ముప్పై మూడు."

కోడలు టేపు తీసి మిషను పైన, గుమ్మంలో మిగిలిన జాగా కొలిచింది. టేపు చుట్టేసింది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది. "మావయ్యా, ఇక్కడ ఎనిమిది వందల పదమూడే ఉంది. ఏడు తక్కువ. ఈ చెక్కలు నిన్న ఉన్నాయా?"

ఆయన ఒకసారి ఎడంవైపు బద్దని చూశారు. ఒకసారి కుడివైపు బద్దని చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వెనక్కి తిరిగాను, పొయ్యి వెలిగించి లేకపోయినా.

"అరంగుళం" అన్నారు ఆయన, ఎవరితోనూ కాకుండా. "అటు అరంగుళం, ఇటు అరంగుళం."

నలభై ఏళ్ళలో చెక్కకీ ఇనుముకీ సరిపోయే కొలత ఎన్ని వేలసార్లు తీశారో. కొలిచిన గుమ్మాన్ని తనే కాపాడబోయి తనే ఇరుకు చేశారు. మేస్త్రి మనుషుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక పలుగు కింద పెట్టి అటు తిరిగాడు. నాకు వాడిమీద ఒళ్ళు మండింది. ఆయన్ని చూసి నవ్వాలంటే నేను నవ్వుతాను, వాడెవడు?

"బద్దలు పీకేస్తే సరిపోద్ది కదండీ" అన్నాడు మేస్త్రి.

"బద్దలకి బిగించిన మరల తలలు మిషను వెనక ఉన్నాయి. చెయ్యి దూరదు" అన్నారు ఆయన. "జిగురు కూడా మామూలుది కాదు." ఈ చివరి మాటలో అంత దిగులులోనూ కాస్త గర్వం ఉంది.

అప్పటికి రెండున్నర. పైగా మబ్బు పట్టింది. మేస్త్రి ఆకాశంవైపూ తన గడియారంవైపూ మార్చి మార్చి చూశాడు. అతను వెళ్ళిపోతే మిషను సందులో సగం, గదిలో సగం అలాగే వానకి తడవాలి. నున్నగా ఉన్న చోట్ల ఒక్క రాత్రిలో తుప్పు పడుతుందని కోడలు ఎన్నిసార్లు చెప్పిందో నాకు గుర్తే. గోడ కొట్టేద్దామా అన్నాడు మా వాడు.

కోడలు సందులోంచి చుట్టూ తిరిగి, ముందు తలుపులోంచి, వంటింట్లోంచి గదిలోకి వచ్చింది. మొహమంతా చెమట, మోచేతుల దాకా నల్లటి గ్రీజు. వచ్చి మా ఆయన పక్కన నిలబడింది. ఇప్పుడు పడతాయి ఆయనకి, అనుకున్నాను. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

"మావయ్యా, ద్వారబంధం ముట్టుకోవద్దు. మిషన్నే విప్పేద్దాం" అంది. "ఈ తలభాగం నాలుగు బోల్టుల మీద ఉంది. వెడల్పంతా దానిదే. అది పైకి లేపేస్తే మిగతాది సులువుగా వచ్చేస్తుంది."

ఆయన మిషను తలభాగం కింద వేలు పెట్టి చూశారు. కింద పొడవాటి ఇనుప పీఠం, పైన తల, రెండూ కలిసిన చోట గీత కూడా కనపడడం లేదు. ముప్పై ఆరేళ్ళ కిందటి తన చెక్క అతుకుల్ని ఆయన అలాగే తడిమి చూపిస్తారు.

"ఇది ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే. ఆరేళ్ళయింది. నెలరోజులు పట్టింది."

"విప్పితే మళ్ళీ ఇంత కుదురుగా వస్తుందా?"

"రావచ్చు."

"రావచ్చంటే?"

కోడలు గ్రీజు చేత్తో మొహం తుడుచుకుంది, మొహం ఇంకా నల్లబడింది. "అప్పుడు వర్క్‌షాపులో సరిచేసే సామాను ఉంది. ఇప్పుడు లేదు. కొంచెం తేడా ఉండిపోతుంది, అంతే."

"ఎంత?"

"మిల్లీమీటరుని వంద భాగాలు చేస్తే, అందులో రెండో మూడో."

అంత తేడా లెక్కలోకి రాదని ఆయన అనేస్తారని, అన్నాక ఆ పిల్ల సరేనంటుందని, అలా సరే అన్న మిషనుతో ఆ పిల్ల ఎన్నాళ్ళో పనిచెయ్యదని, సూట్‌కేసు మంచం కిందే చేతికందేలా ఉందని, ఇవన్నీ ఒక్కసారే నాకు తోచాయి. వంటింటి గుమ్మం గట్టిగా పట్టుకున్నాను.

"తేడా తేడానే" అన్నారు మా ఆయన. "దాన్ని ముట్టుకోకు. నా రంపం పట్రా."

"మావయ్యా."

"రంపం పట్రా అమ్మాయ్. పెద్ద ఉలి కూడా. సుత్తి ఆ మూల ఉంది."

మా వాడు పరుగెత్తుకొచ్చి తను కోస్తానన్నాడు. "నా చేత్తో పెట్టింది, నేనే తీస్తాను" అన్నారు ఆయన. మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని కూర్చున్నారు. ఆ కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. ఎడంవైపు నిలువుచెక్కని కింద గడప దగ్గర ఒకసారి, మిషనుకి పైన ఒకసారి, అడ్డంగా కొయ్యడం మొదలుపెట్టారు. గోడలోకి దిగిన ఇనుప పట్టీలు ఎక్కడున్నాయో ఆయనకి చూడకుండానే తెలుసు. కోడలు చెక్క అదరకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. రంపపుపొట్టు ఆ పిల్ల జుట్టు నిండా రాలింది. ముప్పై ఆరేళ్ళనాటి చెక్క అయినా కోస్తుంటే వాసన కొత్తగానే ఉంది.

ఆయన మొహం చూడాలంటే నాకు భయమేసింది. కానీ చూశాను. బాధపడుతున్న మొహం కాదు. ఇష్టమైన పని చాలా రోజుల తర్వాత చేతికి దొరికిన మొహం.

పైన కోత పూర్తవుతుండగా, "జిగురు బాగా పట్టింది చూశావా, రెండూ కలిపి ఒకే చెక్కని కోస్తున్నట్టుంది" అన్నారు.

"చాలా బాగా పట్టింది మావయ్యా" అంది కోడలు. అంతే, ఆ పిల్లకి నవ్వు ఆగలేదు. ఆయనకీ ఆగలేదు. రంపం పక్కనపెట్టి, గోడకి చేరగిలబడి, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. నేను వంటింట్లో నిలబడి పొట్ట పట్టుకున్నాను. సందులోంచి మేస్త్రి గొంతు వచ్చింది. "లోపలేం జరుగుతుందండీ? మెల్లిగా చెయ్యండి."

మూడు గంటల ఇరవైకి ఆయన ఉలి దూర్చి సుత్తితో రెండు దెబ్బలు వేశారు. కోసిన చెక్క బద్దతో సహా ఊడి వచ్చింది. మిషను ఒక్కసారి కదిలి వదులైంది. "హైలెస్సా" అన్నారు మేస్త్రి మనుషులు. గొలుసు లాగారు. గొట్టాలు దొర్లాయి. టన్ను బరువు, ఇంట్లో మనిషి నడిచొచ్చినట్టు నెమ్మదిగా లోపలికి వచ్చి గది మధ్యలో ఆగింది. దాని తోక గుమ్మం దాటిన అయిదు నిమిషాలకి వాన మొదలైంది. నాలుగింటికి పది నిమిషాలుందనగా మేస్త్రి గొలుసులు చుట్టుకుని లారీ ఎక్కాడు. ఆ ఒక్కసారి మాత్రం డ్రైవరుతో, "తొందరగా పోనీ" అన్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు కోడలు నేల మీద పడుకుని, మిషను నాలుగు కాళ్ళ కిందా పల్చటి ఇనుప రేకులు ఒక్కొక్కటే దూర్చి మట్టం సరిచేసింది. మా వాడు మోటారు బిగించి తీగ కలిపాడు. నేను దీపం పట్టుకున్నాను. అవసరం లేకపోయినా పట్టుకున్నాను. ఆరింటికి స్విచ్చి వేసింది. నేను రెండు చెవులూ మూసుకుని సిద్ధంగా ఉన్నాను. గొప్ప చప్పుడేమీ రాలేదు. పక్కగదిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు సన్నగా, ఒకే తీరుగా మోగింది. చెవుల మీంచి చేతులు తీశాను. ఎవరూ చూడలేదు.

కోడలు చిన్న కడ్డీ ఒకటి బిగించి పైపొర కోసింది. వెండిలా మెరిసే ముక్క తీసి, ఆ చివర ఒకసారి, ఈ చివర ఒకసారి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "కదల్లేదు" అంది. ఆ ముక్కని ఆయన ముందుకి చాపింది. "మావయ్యా, ఏమీ కదల్లేదు."

ఆయన ఆ ముక్క తీసుకుని దీపం దగ్గర తిప్పి చూసి, జేబులో వేసుకున్నారు. అది ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఇప్పుడు ముందు అదే చూపిస్తున్నారు.

ఇక చివరి మాట. ఆ రాత్రికి గుమ్మానికి పట్టా కట్టి గడిపాం. ఆదివారం పొద్దున వాన వెలిసింది. ఆయన కొత్త ద్వారబంధానికి చెక్కలు ముందేసుకుని, చెవిమీద పెన్సిల్ పెట్టుకుని కూర్చున్నారు. కోడలు మిషను తుడుస్తోంది. సోమవారం ఆ ఫ్యాక్టరీవాళ్ళకి ఏం చెబుతుందో ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. ఆ మాట మా నలుగురి మధ్యా నిన్నటినుంచీ అలాగే నిలబడి ఉంది.

"అయితే ఎంత పెట్టమంటావు?" అని ఆయన నన్నడిగారు. "ఈసారి మూడడుగులు పెట్టేస్తాను. రేపెప్పుడైనా మిషను బయటికి తియ్యాల్సొస్తే మళ్ళీ కొయ్యనక్కర్లేదు."

మంచి ఆలోచనే. తెలివిగలవాళ్ళెవరైనా అలాగే చేస్తారు. నాకు మాత్రం ఆ బయటికి అన్న మాట నచ్చలేదు. "మూడడుగులెందుకు?" అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "పాత కొలతే పెట్టండి. ముప్పై మూడు. అది ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

కోడలు తుడుస్తున్న గుడ్డ ఆపింది. నావైపు చూసింది. అయిదేళ్ళలో ఆ పిల్ల నన్నలా చూడలేదు, నేనూ చూపు తప్పించలేదు.

"ముప్పై మూడైతే పడుతుందత్తయ్యా. మొన్న కొలిచాం కదా, పక్కకి తొమ్మిదేసి ఖాళీ ఉంటుంది. ఎవరైనా గట్టిగా లాగితే వెళ్ళిపోతుంది" అంది. "ముప్పై రెండు పెట్టమనండి."

ఆయన చెవిమీది పెన్సిల్ తీశారు. నిన్న బద్దలు బిగించాక మిగిలినది, మిషను ఇరుక్కుపోయినది ఆ ముప్పై రెండులోనేనని ఆయనకి నేను చెప్పనక్కర్లేదు. చెక్కని ముందుకి లాక్కున్నారు.

"మిల్లీమీటర్లలో చెప్పు అమ్మాయ్" అన్నారు.

"ఎనిమిది వందల పదమూడు మావయ్యా."

ఆయన అది చెక్కమీద రాసుకున్నారు.